బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం: బైబిలు పాఠాల విమర్శనాత్మక పఠనం

0. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం అనే రెండు ఆచారాలకు ఆధారమైన ముఖ్య బైబిలు పాఠాలను గుర్తించగలుగుతారు.
• ఆ పాఠాల్లోని కొన్ని కీలక పదాలకు తెలుగులో వాడుకలో ఉన్న అర్థాలను, మూలార్థాలను పోల్చి చూపగలుగుతారు.
• కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో 'అయోగ్యముగా' అన్న మాటను దాని సందర్భంలో వివరించగలుగుతారు.
• ఒంగోలు ప్రాంతపు క్రైస్తవ చరిత్ర ఆధారంగా ఈ రెండు ఆచారాల సామాజికార్థాన్ని చర్చించగలుగుతారు.

1. ప్రస్తావన

కురిచేడు నుంచి దొనకొండ, మార్కాపురం వైపు వెళ్తుంటే చాలా పల్లెల్లో ఒక ప్రార్థనా మందిరం కనబడుతుంది. అనేక సంఘాల్లో నెలకొక ఆదివారం, ఎక్కువగా మొదటి ఆదివారం, 'బల్ల' ఉంటుంది. ప్రసంగం అయ్యాక పాస్టరుగారు బల్ల మీది తెల్లగుడ్డ తీసి, ప్రార్థించి, రొట్టె విరుస్తారు. ద్రాక్షరసం చిన్న గ్లాసుల్లో అందుతుంది. ఆ సమయంలో కొందరు చేయి చాపరు. పళ్లెం తమ దగ్గరికి రాగానే తల వంచుకొని పక్కవారికి అందిస్తారు. ఎందుకని అడిగితే సాధారణంగా రెండు జవాబుల్లో ఏదో ఒకటి వస్తుంది. 'నేనింకా బాప్తిస్మం తీసుకోలేదండీ' అన్నది మొదటిది. 'ఇంట్లో గొడవైంది, మనసు బాగాలేదు, అయోగ్యంగా తీసుకుంటే శిక్ష కదా' అన్నది రెండోది.

ఈ రెండు జవాబుల వెనకా బైబిలు పాఠాలున్నాయి. వాటిని ఎవరో ఒకరు ఒక విధంగా చదివి చెప్పారు, తరతరాలుగా అదే అర్థం స్థిరపడింది. ఆ అర్థం మూలపాఠానికి ఎంతవరకు సరిపోతుంది? పాఠంలో ఉన్నదేది, మనం చేర్చుకున్నదేది? ఈ ప్రశ్నలు వేయడమే ఇక్కడ మన పని. మీరు క్రైస్తవులు కావచ్చు, కాకపోవచ్చు. ఏ పాఠాన్నయినా పదం పదంగా, సందర్భంతో కలిపి చదవడం నేర్చుకోవడానికి ఈ యూనిట్ ఉపయోగపడుతుంది.

ఈ యూనిట్‌లో మనం నిరూపించబోయే విషయం ఒకటే. బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం అనే రెండింటినీ ఒక వ్యక్తికీ దేవునికీ మధ్య జరిగే వ్యవహారంగా మాత్రమే చదవడం మనకు అలవాటు. బైబిలు పాఠాలు వాటిని పక్కనున్న మనిషితో ముడిపెట్టి చెబుతాయి. నీటిలో ఏ తేడాలు పోయాయని సంఘం ప్రకటించిందో, అవి నిజంగా పోయాయో లేదో బల్ల దగ్గర తేలుతుంది.

2. తెలుగులో వాడే మాటలు

ముందుగా మాటలను చూద్దాం. తెలుగు ప్రొటెస్టంటు సంఘాల్లో 'బాప్తిస్మం' అంటారు. ఇది గ్రీకు 'బప్తిస్మ' అన్న పదానికి తెలుగు రూపం. అనువాదం కాదు, ఉచ్చారణను అలాగే తెచ్చుకున్నారు. దాని క్రియాపదం 'బప్తిజో'. దానికి ముంచడం, ముంచి కడగడం అని అర్థం. పదాన్ని అనువదించకుండా ఉంచేయడం వల్ల ముంచాలా, చిలకరించాలా అన్న వివాదంలో ఎటూ మొగ్గకుండా ఉండే వీలు కలిగింది. కాని తెలుగు పాఠకుడికి ఆ మాటలోని నీటి చప్పుడు వినబడకుండా పోయింది.

కథోలిక సంఘం 'జ్ఞానస్నానం' అన్న మాటను ఎంచుకుంది. ఇందులో నీరుంది, స్నానముంది. అయితే తెలుగువారికి స్నానం అనగానే పుణ్యస్నానం, పుష్కర స్నానం గుర్తుకొస్తాయి. అవి మళ్లీ మళ్లీ చేసేవి. జ్ఞానస్నానం జీవితంలో ఒక్కసారే. 'స్నానం' అన్న మాట శుద్ధిని బాగా చెబుతుంది గాని, పౌలు రాతల్లో కనబడే మరణం, సమాధి అన్న భావాలను అంతగా పట్టుకోలేదు.

రెండో ఆచారానికి పేర్లు ఇంకా ఎక్కువ. 'ప్రభురాత్రి భోజనం', 'పరిశుద్ధ సంస్కారం', 'రొట్టె విరుచుట', 'బల్ల', కథోలికుల్లో 'దివ్యసత్ప్రసాదం'. ఒక్కొక్క పేరు ఒక్కొక్క కోణాన్ని ముందుకు తెస్తుంది. 'సంస్కారం' అన్నప్పుడు విధి, 'ప్రసాదం' అన్నప్పుడు దేవుని వరం, 'భోజనం' అన్నప్పుడు కలిసి తినడం ముందుకొస్తాయి. లూథరన్, సి.ఎస్.ఐ. సంఘాలు ఈ రెంటినీ సంస్కారాలుగా భావిస్తాయి. బాప్తిస్టులు ఎక్కువగా 'ప్రభువు నియమించిన ఆచారాలు' అనడానికి ఇష్టపడతారు. కృప ఆచారం ద్వారా అందుతుందా, అందిన కృపకు ఆచారం సాక్ష్యమా అన్నది ఆ తేడా వెనకున్న ప్రశ్న.

'బల్ల' అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. మన పల్లెల్లో జనం బల్ల ముందు కూర్చొని తినేవారు కాదు, నేల మీద బంతిలో కూర్చునేవారు. ఎవరు ఏ బంతిలో కూర్చోవాలి, ఎవరికి వేరుగా వడ్డించాలి అన్నది కులం తేల్చేది. కాబట్టి ప్రభువు బల్ల అంటే ఏమిటో తెలుగులో చెప్పాలంటే 'ఒకే బంతి' అనడం దగ్గరి మాట. ఈ సంగతి 5వ భాగంలో మనకు అవసరమవుతుంది.

3. బాప్తిస్మం: పాఠాలు ఏం చెబుతున్నాయి?

సువార్తల్లో బాప్తిస్మం యోహానుతో మొదలవుతుంది. యొర్దాను నదిలో అతడిచ్చినది మారుమనస్సుకు సంబంధించిన బాప్తిస్మం. పాపులతో పాటు వరుసలో నిలబడి యేసు కూడా అది తీసుకున్నాడు (మార్కు 1:9–11). అపొస్తలుల కార్యాల్లో పెంతెకొస్తు రోజున సుమారు మూడు వేలమంది బాప్తిస్మం పొందారని, ఆ వెంటనే వారు బోధలో, సహవాసంలో, రొట్టె విరవడంలో, ప్రార్థనలో కొనసాగారని ఉంది (2:41–42). నీటి తరువాత రొట్టె అన్న క్రమం ఇక్కడే కనబడుతుంది.

అర్థాన్ని అందరికంటే లోతుగా చెప్పినవాడు పౌలు. రోమీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయంలో అతడు బాప్తిస్మాన్ని సమాధితో పోలుస్తాడు. నీటిలో మునగడం క్రీస్తుతో పాతిపెట్టబడడం, లేవడం కొత్త జీవితంలోకి రావడం. మన ఇళ్లలో శవాన్ని సాగనంపి వచ్చాక స్నానం చేస్తాం. ఆ స్నానం మరణపు మైలను వదిలించుకొని పాత జీవితంలోకి తిరిగి రావడానికి. పౌలు చెప్పేది దీనికి తలకిందులు. ఇక్కడ స్నానమే మరణం. స్నానం చేసినవాడు పాత జీవితంలోకి తిరిగి వెళ్లడు.

చచ్చిపోయే ఆ 'పాతది' ఏమిటి? పాపం అన్నది రోమా పత్రిక జవాబు. గలతీ పత్రిక (3:27–28) మరో మాట చేరుస్తుంది. క్రీస్తులోకి బాప్తిస్మం పొందినవారిలో యూదుడు, గ్రీసు దేశస్థుడు అన్న భేదం లేదు. దాసుడు, స్వతంత్రుడు అన్న భేదం లేదు. పురుషుడు, స్త్రీ అన్న భేదం లేదు. కొరింథు మొదటి పత్రిక (12:13) కూడా ఇదే వరుసలో, అందరూ ఒకే శరీరంలోకి బాప్తిస్మం పొందారంటుంది. ఈ రెండు చోట్లా బాప్తిస్మం గురించి చెప్పగానే పౌలు ఎత్తుకున్న విషయం సామాజిక భేదాలు. అది యాదృచ్ఛికం కాదు. గలతీ పత్రికలో యూదులు, అన్యులు ఒకే బల్ల దగ్గర తినవచ్చా అన్న తగువు కూడా ఉంది. అంతియొకయలో పేతురు అన్యులతో కలిసి తింటూ ఉండి, కొందరు రాగానే వెనక్కి తగ్గాడు. పౌలు అందరి ఎదుటా అతణ్ణి నిలదీశాడు (2:11–14). బాప్తిస్మపు సూత్రం రాయడానికి ముందే, అదే పత్రికలో, భోజనపు తగాదా ఉందన్నమాట.

పద్ధతి గురించి రెండు మాటలు చాలు. ముంచడమే పదార్థానికి, సమాధి ఉపమానానికి దగ్గర. అయినా మొదటి శతాబ్దం చివర్లో గాని, రెండో శతాబ్దం మొదట్లో గాని తయారైన 'దిదఖే' అనే చిన్న సంఘ నియమావళి పారే నీటిని మేలుగా చెప్పి, నీరు తక్కువైతే తల మీద మూడుసార్లు పోయవచ్చంటుంది. శిశువుల విషయంలో, ఇంటివారందరూ బాప్తిస్మం పొందిన సందర్భాలు (లూదియ, ఫిలిప్పీ చెరసాల అధికారి, స్తెఫను ఇల్లు) ఉన్నాయి. వారిలో పసిపిల్లలున్నారని పాఠం చెప్పదు, లేరనీ చెప్పదు. రెండు పక్షాలూ ఈ మౌనం మీదనే తమ వాదాలు కట్టుకున్నాయి.

4. భోజనం: నాలుగు కథనాలు, ఒక ప్రశ్న

చివరి రాత్రి భోజన కథనం మత్తయి 26, మార్కు 14, లూకా 22, 1 కొరింథీ 11 అధ్యాయాల్లో ఉంది. వీటిలో ముందుగా రాతలోకి వచ్చినది పౌలుది. అతడు ఆ పత్రికను సుమారు క్రీ.శ. 54 ప్రాంతంలో ఎఫెసు నుంచి రాశాడు. సువార్తలు ఆ తరువాతివి. యోహాను సువార్తలో రొట్టె, పాత్రల స్థాపన కథనం లేదు. ఆ రాత్రి కథలో అక్కడ మనకు కనబడేది యేసు శిష్యుల కాళ్లు కడగడం (13వ అధ్యాయం).

మొదటి మూడు సువార్తల్లో ఈ భోజనం పస్కా పండుగతో ముడిపడింది. పస్కా ఐగుప్తు దాస్యం నుంచి విడుదలను తలచుకునే భోజనం (నిర్గమ 12). 'జ్ఞాపకం' అంటే యూదుల ఆలోచనలో ఊరికే గుర్తు తెచ్చుకోవడం కాదు. ఆ విడుదలలో తామూ ఉన్నట్లుగా తినడం. పాత్ర గురించి చెప్పిన 'నిబంధన' అన్న మాట నిర్గమ 24ను, 'కొత్త నిబంధన' అన్నది యిర్మీయా 31ని తలపిస్తాయి. నిబంధన ఎప్పుడూ ఒక జనంతో జరిగేదే.

మార్కు 10:35–45లో ఒక సన్నివేశం మనకు చాలా ముఖ్యం. యాకోబు, యోహాను వచ్చి మహిమలో కుడి ఎడమల కూర్చునే చోటు అడుగుతారు. జవాబుగా యేసు, తాను తాగే గిన్నెలోనిది తాగగలరా, తాను పొందే బాప్తిస్మం పొందగలరా అని అడుగుతాడు. నీరు, పాత్ర ఈ ఒక్క ప్రశ్నలో కలిశాయి. గొప్ప కావాలనుకునేవాడు పరిచారకుడు కావాలన్న మాటతో సన్నివేశం ముగుస్తుంది. పెద్దపీట కావాలన్న కోరికకు ఎదురుగా ఈ రెండు గుర్తులు నిలబడ్డాయి.

5. కొరింథు: 'అయోగ్యముగా' అంటే ఏమిటి?

ఇప్పుడు ప్రస్తావనలోని రెండో జవాబు దగ్గరికి వద్దాం. 1 కొరింథీ 11:27–30లో అయోగ్యంగా తిని తాగితే శిక్ష అని, అందుకే మీలో అనేకులు బలహీనులు, రోగులు అయ్యారని పౌలు రాశాడు. ఈ నాలుగు వచనాలను మాత్రమే చదివితే ఎవరికైనా భయం వేస్తుంది. వీటికి పైన, కింద ఉన్న వచనాలతో కలిపి చదవండి.

కొరింథు జూలియస్ సీజరు క్రీ.పూ. 44లో రోమను వలసగా మళ్లీ కట్టించిన రేవు పట్టణం. వ్యాపారులు, విముక్తి పొందిన దాసులు, కూలీలు, దాసులు కలిసి ఉన్న ఊరు. సంఘం ధనికుల ఇళ్లలో కూడేది. ప్రభురాత్రి భోజనం అప్పట్లో నిజమైన భోజనమే. 17 నుంచి 22 వరకు ఉన్న వచనాల్లో పౌలు ఫిర్యాదు ఇది: ఒక్కొక్కరు తమ భోజనం తాము ముందే తినేస్తున్నారు, ఒకడు ఆకలితో ఉంటాడు, మరొకడికి మత్తు ఎక్కుతుంది, లేనివారు సిగ్గుపడవలసి వస్తుంది. 33వ వచనంలో అతడిచ్చిన పరిష్కారం ఒకరి కోసం ఒకరు ఆగమని. జర్మన్ పండితుడు గెర్డ్ థైసెన్ 1970లలో ఈ భాగాన్ని సంఘంలోని ధనిక, పేద వర్గాల మధ్య చీలికగా విశ్లేషించాడు. ఆ తరువాత వచ్చిన వ్యాఖ్యానాల్లో ఈ చదువుకు గట్టి స్థానం దొరికింది.

ఈ నేపథ్యంలో రెండు పదాలు చూడండి.

మొదటిది 'అయోగ్యముగా'. ఇది క్రియావిశేషణం. గ్రీకులోనూ అంతే. తినే తీరును చెబుతుంది, తినేవాడి స్థాయిని కాదు. 'అయోగ్యముగా తినుట', 'అయోగ్యుడు తినుట' వేరువేరు వాక్యాలు. మనం మొదటిదాన్ని చదివి రెండోదాన్ని అర్థం చేసుకుంటున్నాం. కొరింథులో అయోగ్యంగా తిన్నవారు ఎవరు? పేదవాడు రాకముందే కడుపు నింపుకున్నవారు. కాని మన సంఘాల్లో ఈ వచనానికి భయపడి తలవంచుకొని పళ్లెం పక్కకు జరిపేది ఎక్కువగా ఎవరు? ఆ నెల అప్పువాడితో మాటపడిన మనిషి, భర్తతో గొడవపడిన ఇల్లాలు. పేదవాణ్ణి సిగ్గుపరిచినవారిని హెచ్చరించడానికి రాసిన వాక్యం పేదవాడే సిగ్గుపడడానికి పనికొస్తోంది. ఇది చదవడంలో జరిగిన పొరపాటు.

రెండోది 'శరీరం'. 29వ వచనంలో శరీరాన్ని వివేచించకుండా తినడం గురించి ఉంది. వాడుకలో ఉన్న తెలుగు అనువాదం ఇక్కడ 'ప్రభువు' అన్న మాటను చేర్చి చెబుతుంది. అత్యంత ప్రాచీన గ్రీకు ప్రతుల్లో 'శరీరం' అని మాత్రమే ఉంది. 'ప్రభువు' అన్నది 27వ వచనం ప్రభావంతో తరువాతి ప్రతుల్లో చేరిందని పాఠపరిష్కర్తల అభిప్రాయం. తేడా చిన్నదిగా కనబడుతుంది గాని అర్థం మారుతుంది. ఇదే పత్రిక 10:17లో రొట్టె ఒక్కటే కాబట్టి అనేకులమైన మనం ఒక్క శరీరం అన్నాడు. 12వ అధ్యాయంలో సంఘాన్ని శరీరమన్నాడు. ఈ రెంటి మధ్య ఉన్న 11:29లోని 'శరీరం' పక్కన కూర్చున్న సభ్యుణ్ణి కూడా సూచిస్తుందనడానికి బలమైన ఆధారముంది.

దీనికి అభ్యంతరం ఉంది, దాన్ని న్యాయంగా పరిశీలించాలి. 27వ వచనంలో ప్రభువు శరీరం, రక్తం అన్న మాటలు స్పష్టంగా ఉన్నాయి. 28లో ప్రతివాడు తన్ను తాను పరీక్షించుకోవాలని ఉంది. కాబట్టి ఈ భాగాన్ని కేవలం సామాజిక సమస్యగా కుదించడం సరికాదని కొందరు వ్యాఖ్యాతలంటారు. ఆ మాట నిజమే. భక్తి, ఆత్మపరీక్ష పాఠంలో ఉన్నాయి. అయితే ఆత్మపరీక్షలో వేసుకోవలసిన ప్రశ్నలేమిటో సందర్భమే చెబుతోంది. 28వ వచనం కూడా పరీక్షించుకొని మానేయమని చెప్పదు, పరీక్షించుకొని తినమంటుంది. కాబట్టి ఒక అర్థాన్ని మరొకదానితో కొట్టివేయనక్కరలేదు. ప్రభువు శరీరాన్ని గౌరవిస్తూ పక్కవాడి ఆకలిని చూడనివాడు రెంటినీ వివేచించలేదన్నదే పౌలు వాదం.

పత్రిక 10వ అధ్యాయం మొదట్లో మరో హెచ్చరిక ఉంది. ఇశ్రాయేలీయులందరూ మేఘంలో, సముద్రంలో బాప్తిస్మం పొందారు, అందరూ ఒకే ఆత్మసంబంధమైన ఆహారం తిన్నారు, అయినా చాలామంది అరణ్యంలో రాలిపోయారు. ఆచారం జరిగిపోయింది కాబట్టి క్షేమం అనుకోవద్దన్నది దాని సారం.

6. ఒంగోలు సంఘం: అదే పత్రిక, మన నేల

ఈ పాఠాలు మన నేల మీద ఎలా చదవబడ్డాయో చూద్దాం. అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో నెల్లూరు నుంచి ఒంగోలు వచ్చారు. అదే ఏడాది ఒంగోలుకు పడమరనున్న తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందారు. ఆయన మాదిగ, తోళ్ల వ్యాపారం చేసినవారు, అంతకుముందే యోగమార్గంలో గురువుల దగ్గర నేర్చుకున్నవారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. అదే నెలలో తాళ్లకొండపాడులో 28 మంది బాప్తిస్మం పొందారు.

క్లౌ ఆత్మకథ 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' ఆయన మరణానంతరం 1914లో వెలువడింది. ఆయన చెప్పగా భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ రాశారు. అందులో ఒక ఘట్టం ఉంది. మొదట్లో పై కులాలవారు కొందరు ఆసక్తి చూపారు. మాదిగలను చేర్చుకోవడం మొదలుకాగానే, వారిని తీసుకుంటే తాము రామన్నారు. సందిగ్ధంలో పడిన క్లౌ, మరో గదిలో ఆయన మొదటి భార్య హారియెట్, ఒకరికొకరు తెలియకుండా బైబిలు తెరిస్తే ఇద్దరికీ 1 కొరింథీ 1:26 మొదలైన వచనాలే ఎదురయ్యాయని ఆయన చెప్పుకున్నారు. లోకంలో ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్నది ఆ వచనాల భావం. ఆ నిర్ణయంతో సంఘం దారి స్థిరపడింది.

బాప్తిస్మం పొందినవారికి క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, విగ్రహాలను పూజించవద్దు. ఇవి పైకి మతనియమాలు. పల్లె వ్యవస్థలో వాటి బరువు వేరు. చచ్చిన పశువును తీసుకెళ్లడం, తోలు వస్తువులు చేసివ్వడం, జాతరలో డప్పు కొట్టడం మాదిగల మీద ఊరు మోపిన బాధ్యతలు. ఆ మాంసం తిననన్నవాడు, జాతరకు డప్పు కొట్టనన్నవాడు ఊరితో తన పాత ఒప్పందాన్ని తెంచుకున్నట్టే. అందుకే వారికి పని, నీళ్లు నిరాకరించిన సంఘటనలు జరిగాయి. రోమా పత్రిక చెప్పిన 'పాతది చనిపోవడం' వారికి ఉపమానంగా మిగల్లేదు. రోజువారీ తిండిని మార్చిన సంగతి అది.

1876–78 కరవులో క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి కల్పించారు. తిండి కోసం మతం మారారన్న మాట రాకుండా ఆ కాలంలో ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశారు. కరవు సాయం ముగిశాక మళ్లీ మొదలుపెట్టారు. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డునున్న వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీటిలో నిలబడి, ఒకరి తరువాత ఒకరు మారుతూ ఇచ్చారు. జూన్ మధ్య నుంచి జూలై చివరి వరకు ఆ సంఖ్య 8,691కి చేరింది. నల్లమలలో పుట్టి కంభం, మార్కాపురం ప్రాంతాల మీదుగా సాగే గుండ్లకమ్మను చూసినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇక విమర్శ. ఆ 2,222 అన్న అంకె ప్రపంచమంతా తిరిగింది. పెంతెకొస్తునాడు మూడు వేలమందిని ఒక్కరోజులో ముంచడం సాధ్యమేనని రుజువు చేయడానికి దాన్ని ఉదాహరించారు. అంటే ఆ జనం మరొకరి వాదంలో సాక్ష్యంగా మారారు. నీటిలో దిగిన వారేమనుకున్నారో వారి మాటల్లో మనకు దొరికేది చాలా తక్కువ. ఎమ్మా క్లౌ 1899లో వెలువరించిన 'వైల్ సోయింగ్ సాండల్స్' మాదిగల కథలను, విశ్వాసాలను నమోదు చేసింది. అది విలువైనదే గాని, అదీ మిషనరీ కలం రాసినదే. ఆధారాలను వాడేటప్పుడు ఈ పరిమితి మనసులో ఉండాలి.

రెండో విమర్శ ఇంకా ముఖ్యం. కొరింథు పత్రిక 1వ అధ్యాయం ఎవరిని పిలవాలో చెప్పింది. దాన్ని ఒంగోలు సంఘం ధైర్యంగా చదివింది. 11వ అధ్యాయం పిలిచినవారిని ఎలా కూర్చోబెట్టాలో చెబుతుంది. మాల, మాదిగలు కలిసి తినని రోజులవి. ఒంగోలు చుట్టుపక్కల బాప్తిస్టు సంఘాల్లో మాదిగలు, గుంటూరు వైపు లూథరన్ సంఘాల్లో మాలలు ఎక్కువగా చేరారు. మిషన్ల సరిహద్దులు, పల్లెల సరిహద్దులు చాలాచోట్ల కలిసిపోయాయి. దాంతో బల్ల దగ్గర ఎదురుకావలసిన పరీక్ష ఎదురుకాలేదు. ఒకే పల్లెవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే భేదం లేదని నిరూపించినట్టు కాదు.

7. నీటికీ బల్లకూ మధ్య

ఇప్పుడు ప్రస్తావనలోని మొదటి జవాబు: 'బాప్తిస్మం తీసుకోలేదు.' బాప్తిస్మం లేనివారు ప్రభురాత్రి భోజనం తీసుకోరాదన్న నియమం బైబిల్లో ఆజ్ఞగా ఎక్కడా లేదు. అపొస్తలుల కార్యాల్లోని క్రమం ఉంది. దిదఖే మాత్రం స్పష్టంగా నిషేధించింది. అధిక శాతం సంఘాలు దాన్నే పాటిస్తున్నాయి. బాప్తిస్మం సంఘంలోకి ప్రవేశం, భోజనం సంఘపు సహవాసం అనుకుంటే ఈ క్రమానికి హేతువుంది.

మన రాష్ట్రంలో ఈ క్రమం ఒక చట్టాన్ని ఢీకొంటోంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులైన దళితులు అందులో లేరు. ఆంధ్రప్రదేశ్‌లో వారు బీసీ–సీ కింద ఒక శాతం రిజర్వేషన్‌లోకి వస్తారు. కాబట్టి చదువుకునే కుర్రవాడికి, ఉద్యోగానికి దరఖాస్తు చేసే అమ్మాయికి బాప్తిస్మం అన్నది విశ్వాసపు నిర్ణయంతో పాటు కుల ధ్రువీకరణ పత్రం గురించిన నిర్ణయం కూడా. ఏళ్ల తరబడి ఆరాధనకు వస్తూ, పాటలు పాడుతూ, నీటిలో దిగకుండా ఉండిపోయేవారున్నారు. బల్ల నాడు పళ్లెం వారిని దాటిపోతుంది.

ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది. చట్టం దృష్టిలో బాప్తిస్మంతో షెడ్యూల్డు కులం పోతుంది. పల్లెలో బాప్తిస్మం పొందినవాడి కులాన్ని ఎవరూ మరిచిపోరు. గలతీ పత్రిక చెప్పిన సమానత్వం కాగితం మీద సదుపాయాన్ని తీసేయడానికి పనికొచ్చింది గాని, బంతిలో చోటివ్వడానికి అంతగా పనికిరాలేదు. ఈ సమస్యకు పరిష్కారం చెప్పడం ఈ యూనిట్ పరిధి కాదు. చట్టం మారాలా, సంఘ నియమం మారాలా అన్నదానిపై భిన్నాభిప్రాయాలున్నాయి. కాని ఒక్కటి అడగవచ్చు. కొరింథులో ఆలస్యంగా వచ్చినవాడు పనినుంచి రావడం వల్ల ఆలస్యమయ్యాడు. బల్లకు దూరంగా ఉన్న ఈ కుర్రవాడు బతుకుతెరువు వల్ల దూరమయ్యాడు. అతణ్ణి చూసి సంఘం ముందుగా వేసుకోవలసిన ప్రశ్న అతని అయోగ్యత గురించా, తన తీరు గురించా? పాఠం రెండోదానివైపే మొగ్గుతుందని నా అభిప్రాయం.

8. సారాంశం

బాప్తిస్మం బైబిల్లో శుద్ధి, మరణం, కొత్త జీవితం, ఒకే శరీరంలో ప్రవేశం అన్న అర్థాల్లో వచ్చింది. ప్రభురాత్రి భోజనం విడుదల జ్ఞాపకంగా, నిబంధనగా, సహవాసంగా వచ్చింది. ఈ రెంటినీ కలిపే పాఠాలు (మార్కు 10, 1 కొరింథీ 10–12) పక్కవాడితో సంబంధాన్ని కేంద్రంలో ఉంచాయి. 'అయోగ్యముగా' అన్నది తినే తీరును గురించిన మాట. దాని సందర్భం పేదవారిని అవమానించిన భోజనం. ఒంగోలు చరిత్రలో బాప్తిస్మం ఊరితో పాత బంధాన్ని తెంచి, అణగారిన జనానికి కొత్త గౌరవాన్నిచ్చింది. ఆ గౌరవం కులాల మధ్య ఒకే బల్లగా ఎంతవరకు మారిందన్నది ఇంకా తేలవలసిన ప్రశ్న.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. 'బాప్తిస్మం', 'జ్ఞానస్నానం' అన్న రెండు మాటలు ఏయే అర్థాలను ముందుకు తెస్తాయి?
2. మార్కు 10:35–45లో పాత్ర, బాప్తిస్మం ఏ సందర్భంలో కలిసి వచ్చాయి?
3. 1 కొరింథీ 11:29లో 'శరీరం' అన్న పదానికి ఉన్న రెండు వివరణలు రాయండి.

నమూనా పరీక్ష ప్రశ్నలు

అ. 1 కొరింథీ 11:17–34ను సందర్భంతో సహా విశ్లేషించి, 'అయోగ్యముగా' అన్న పదం వాడుకలో ఎలా మారిందో చర్చించండి.
ఆ. 1866–78 మధ్య ఒంగోలు ప్రాంతంలో జరిగిన బాప్తిస్మాల మతపరమైన, సామాజికమైన అర్థాలను, ఆధారాల పరిమితులతో పాటు వివరించండి.
ఇ. మీకు తెలిసిన ఒక ఆరాధనా స్థలంలో, అది ఏ మతానిదైనా సరే, కలిసి తినే ఆచారాన్ని గమనించండి. ఎవరు వండుతారు, ఎవరు వడ్డిస్తారు, ఎవరు చివర తింటారు, ఎవరు తినకుండా వెళ్లిపోతారు అన్నది రాసి, ఈ పాఠంలోని వాదంతో పోల్చండి.